భూమవ్వ చెప్పిన భలే ఆట

బాన్సువాడలో బాలే అనే నాట్యం పేరు ఎవరి నోటా సరిగ్గా నిలవలేదు. నాందేడ్ నుంచి హైదరాబాదు పోతూ, దారిలో ఒక సాయంత్రం ఆగి ఆడిపోయే ఆ మేళం మొదటిసారి వచ్చినప్పుడు రిక్షాకు మైకు కట్టుకున్న మనిషి ఊరంతా తిరిగి 'నేడే బాలే, నేడే బాలే' అని చెప్పాడు. జనానికి 'నేడే భలే' అని వినబడింది. ఏం భలే, ఎవరికి భలే అని అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు నవ్వుకున్నారు. ఆ నవ్వే పేరై కూర్చుంది. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా అది భలే ఆటే. చదువుకున్నవాళ్లు కూడా ఇంట్లో ఆ మాటే అనేవారు.

భలే ఆట అంటే ఊళ్లో కొందరికి భూమవ్వ గుర్తుకు వచ్చేది. ఆమె ఆడిందీ లేదు, పాడిందీ లేదు. చూసింది, చూసి చెప్పింది, అంతే. కానీ ఆమె చెప్పడం మొదలుపెట్టక ముందు సంగతి తెలిస్తే గాని అది ఎంత పెద్ద విషయమో తెలియదు.

భూమవ్వ కాపురానికి వచ్చింది బీర్కూరులో చెరుకు, వరి పండించే పెద్ద ఇంటికి. వసారాలో పెద్దవాళ్లు కూర్చునే ఇల్లు. ఆ ఇంట్లో కోడళ్ల గొంతు వంటింటి గడప దాటకూడదు. ఎవరేం అడిగినా తలతోనే జవాబు. అవునంటే కిందికి, కాదంటే అడ్డంగా, మీ ఇష్టం అంటే కొంచెం పక్కకు, నాకిష్టం లేదు గాని కానివ్వండి అంటే ఇంకా కొంచెం పక్కకు. ఇన్ని రకాలున్నాయని ఆ ఇంట్లో ఒక్క పండరికే తెలుసు. పండరి ఆమె భర్త. స్తంభం పక్కన నిలబడి ఆమె తల ఎటు వంగిందో చూసి, బజారు నుంచి తేవాల్సింది తెచ్చేవాడు, మాన్పించాల్సింది మాన్పించేవాడు. ఇద్దరికీ మాటలతో పెద్దగా పని పడలేదు. కూతురు ప్రేమల పుట్టి, పెరిగి, పెళ్లై కోటగిరికి పోయేదాకా అట్లాగే గడిచింది.

బెల్లం వండే రోజుల్లో ఒకనాడు అది ఆగిపోయింది. పెనంలో చెరుకు రసం మరుగుతుంటే మడ్డి తేలడానికి సున్నపు నీళ్లు పోస్తారు. పైకెత్తిన కుండ మూతి విరిగి ఆ సున్నం పండరి ముఖం మీద పడింది. హైదరాబాదు దవాఖానలో చాలా రోజులు ఉన్నారు. మొదట నీడలు మిగిలాయన్నారు, తర్వాత అవి కూడా పోయాయి. అది అరవై తొమ్మిదో సంవత్సరం. భూమి తమ్ముళ్లకు వదిలి, దవాఖానకూ బస్సులకూ దగ్గరగా ఉంటుందని బాన్సువాడలో ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నారు. తెలిసిన షావుకారు ఒకాయన తన రైసు మిల్లులో పండరిని కూర్చోబెట్టాడు. వచ్చిన వడ్లను గుప్పిట పట్టి, ఆరాయా లేదా చెప్పడం ఆయన పని.

పని దొరికింది, తిండి దొరికింది, ఇంట్లో మాత్రం చీకటి వేరే రకంగా వచ్చింది. పండరి సాయంత్రం ఇంటికి వచ్చి, తిన్నవా అని అడిగేవాడు. భూమవ్వ తల ఊపేది. ఆయన అట్లాగే ఆగి ఉండేవాడు. ఆమెకు కాసేపటికి గుర్తొచ్చి, ఆఁ అనేది. ఆ ఆఁ కూడా ఎవరిదో అరువు తెచ్చినట్టు ఉండేది. ఇరవై ఏళ్లుగా పెదవి దాటని మాట ఒక్కసారి రమ్మంటే ఎక్కడి నుంచి వస్తుంది. కూర బాగుందా అని ఆమె అడిగేది కాదు, ఆయన ముఖం చూసి తెలుసుకునేది. ఆయనకు చూసి తెలుసుకోవడానికి ఆమె ముఖం కనబడదు. కొన్నాళ్లకు పండరి అడగడం తగ్గించాడు. ఒకే గదిలో, ఒకే దీపం కింద, ఇద్దరూ ఎదురుచూస్తూ కూర్చునేవారు, దేనికోసమో తెలియకుండా. అడగడం మొత్తానికే మానేస్తాడేమోనని భూమవ్వకు లోపల భయం పట్టుకుంది. భయాన్ని కూడా చెప్పలేదు.

అటువంటి రోజుల్లో భలే ఆట వచ్చింది. మిల్లు నుంచి రాగానే పండరి తనంతట తానే, నన్ను తీసుకపో అన్నాడు. భూమవ్వ సంతోషపడింది. చిన్నప్పుడు చూసిన యక్షగానాల్లో రాజు ఒక మాట అంటే రాణి రెండు మాటలు అనేది, పాటకు మద్దెల, మద్దెలకు పాట. కళ్లు లేకపోయినా చెవులతో చూడొచ్చు, తాను పక్కన కూర్చుంటే చాలు అనుకుంది.

బడి మైదానంలో పలకలతో వేదిక కట్టారు. మధ్యలో ఒక తాడు కట్టి ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు అన్నారు. భూమవ్వ తాడు పక్కన ఇటువైపు, పండరి తాడు పక్కన అటువైపు చాప మీద కూర్చున్నారు. ఆయన చేతికర్ర తాడు కింద నుంచి ఆమె ఒళ్లోకి వచ్చింది. మైకులో ఎవరో హిందీలో చాలాసేపు చెప్పారు. భూమవ్వకు హిందీ అంటే గాలి చప్పుడు లాంటిది. పండరి నైజాం జమానాలో ఉర్దూ బళ్లో ఏడో తరగతి దాకా చదివిన మనిషి. ఆ మైకు ఆయనకు అర్థమవుతుందన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు, తర్వాత చాలా ఏళ్ల దాకా తట్టలేదు. ఆయన కూడా చెప్పలేదు.

తెర లేచింది. పిల్లనగ్రోవి, తబలా, పలకల మీద పాదాల చప్పుడు. అంతే. ఎవరూ నోరు తెరవలేదు. పండరి మెడ సాచి మాట కోసం చూస్తున్నాడు. కొంతసేపటికి తాడు మీదుగా వంగాడు.

"మాట్లాడుతలేరా?"

భూమవ్వ తల అడ్డంగా ఊపింది. ఆయన ముఖం అట్లాగే ఆమె వైపు తిరిగి ఉంది.

"మాట్లాడుతలేరు," అన్నది.

"పాడుతలేరా?"

"లేదు."

"మరేం జేస్తున్నరు?"

ఆ ప్రశ్నకు ఏ తల ఊపూ సరిపోదు. భూమవ్వ గొంతు సవరించుకుంది. ఒక పిల్ల వచ్చింది అన్నది. నీలిచీర అన్నది. చీర పిక్కల దాకానే ఉంది, సిగ్గు లేదు అన్నది. పండరి ఇంకా అన్నాడు.

"నడుస్తలేదు, ఉరుకుతలేదు. నూనె వొలికిన బండ మీద జారినట్టు వస్తుంది. అగో, ఇప్పుడు బొటనవేళ్ల మీద లేచింది. అటక మీది తొక్కు జాడి అందుకుంటున్నట్టున్నది."

పండరి నవ్వాడు. సున్నం పడిన తర్వాత ఆయన నవ్వడం ఆమె విన్నది అప్పుడే. వెనక కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు కూడా నవ్వారు. భూమవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ చెంగు వెనక నుంచి చెబుతూనే ఉంది.

మైకులో చెప్పిన కథ ఏమిటంటే, కొండ మీద పుట్టిన నది సముద్రాన్ని వెతుక్కుంటూ పోతుంది, రాళ్లు అడ్డం పడతాయి, చివరికి సముద్రంలో కలుస్తుంది. భూమవ్వ చూసింది మాత్రం కొత్త కోడలు అత్తగారింటికి పోవడం. నల్లబట్టల మగవాళ్లు వచ్చి అడ్డం నిలబడితే, గా ఆడబిడ్డల మొగుళ్లు దారి ఇస్తలేరు, కట్నం కాదు గిట్లనే ఆట పట్టిస్తున్నరు అన్నది. ఆ పిల్ల ఒకడి చేతి కింద నుంచి వంగి, ఇంకొకడి చుట్టూ తిరిగి తప్పించుకుంటే, తెలివైనదే అన్నది. చివర్లో నలుగురు నాలుగు కొసలు పట్టుకుని వేదిక అంత నీలిగుడ్డ తెచ్చారు. అది గాలికి ఉబ్బి, ఆ పిల్ల మీద మెల్లగా వాలింది. దీపాలు తగ్గాయి.

"ఏమైంది?" అన్నాడు పండరి.

"దూరం నడిచి వచ్చింది గద, వణుకుతుంది. అత్త వచ్చి దుప్పటి కప్పింది."

ఆయన తాడు మీదికి ఇంకొంచెం వంగాడు. తర్వాత అడిగాడు, "అత్త మంచిదేనా?"

"మంచిదే. కాళ్ల దాక కప్పింది."

వెనక ఒక ఆడమనిషి ముక్కు చీదుకుంది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు పండరి మళ్లీ మొదటి నుంచి అడిగాడు. మర్నాడు పొయ్యి దగ్గర కూర్చుని ఇంకోసారి అడిగాడు. ఆ పిల్ల జడ ఎంత పొడుగు, గాజులు ఉన్నాయా, ముఖానికి ఏం రాసుకుంది, తప్పించుకున్నప్పుడు నవ్విందా. భూమవ్వ చెప్పింది. చెప్పేటప్పుడు నిన్న మరిచిపోయినవి గుర్తొచ్చేవి. అట్లా గుర్తొచ్చినవి అయిపోయాక, ఇవాళ సంతలో కనబడినవి చెప్పింది. వంకాయలు ఎట్లా ఉన్నాయి, పక్కింటి గోడ మీద పిల్లి ఎవరిది, మబ్బు ఏ దిక్కున పట్టింది. కళ్లున్న మొగుడూ పెళ్లాలు ఒకరికొకరు ఎందుకు చెప్పుకుంటారు ఇవన్నీ. వీళ్లిద్దరికీ మాత్రం చెప్పుకోవడమే కాపురమైంది. ఒకప్పుడు ఆఁ అనడానికి తడబడిన మనిషి, పప్పు మాడుతున్నా మాట ఆపేది కాదని పండరి మిల్లులో నవ్వుతూ చెప్పేవాడట.

మేళం రెండు మూడేళ్లకోసారి వచ్చేది. చలి మొదలై, వడ్లు ఇంటికి చేరి, మిల్లుల వాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో వాళ్లే చందాలు వేసుకుని పిలిపించేవారు. మధ్యలో పక్కింట్లోకి వెంకటరత్నమ్మ కుటుంబం దిగింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొనుక్కుని, కోటగిరి దగ్గర అటువంటి వలస రైతులే కట్టుకున్న క్యాంపులో ఉండి, పిల్లల చదువుకని బాన్సువాడ వచ్చిన వాళ్లు. వెంకటరత్నమ్మ గొంతు పెద్దది, మనసు కూడా. వచ్చిన మొదటి వారంలోనే భూమవ్వను వదినా అని పిలిచింది, గోడ మీదుగా గోంగూర అందించింది. ఇక్కడి మాట ఆమెకు, ఆమె మాట భూమవ్వకు మొదట్లో సగమే అర్థమయ్యేవి. సగానికి సగం కలిపి ఇద్దరూ రోజంతా మాట్లాడుకునేవారు.

ఆ తర్వాత వచ్చిన ఆటకు వెంకటరత్నమ్మ కూడా తోడైంది. అప్పటికే తాడు పక్క చోటుకు గిరాకీ పెరిగింది. భూమవ్వ ఎక్కడ కూర్చుంటుందో చూసి ఆడవాళ్లు ఆ చుట్టూ చాపలు పరుచుకునేవారు. తాడుకు అటువైపు మగవాళ్లు, మేము ఆమె కోసం రాలేదు అన్నట్టు ముఖం పెట్టుకుని, చెవి మాత్రం ఇటు వేసేవారు.

ఆ ఏడు ఆట అగ్నికీ గాలికీ. మైకులో అట్లాగే చెప్పారు. ఎర్రబట్టల వాళ్లు కింద కూర్చుని చేతులు పైకి ఆడిస్తుంటే, తెల్లబట్టల పిల్ల వాళ్ల చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కరి మీదికి వంగి లేస్తోంది. భూమవ్వ కాసేపు చూసి తేల్చేసింది.

"కట్టెలు పచ్చివి. పొయ్యి ముట్టుకుంటలేదు. పాపం ఊదుతుంది, ఊదుతుంది, కండ్లల్ల నీళ్లు గారుతున్నయి."

"కిరసనాయిలు పోయొచ్చు కదా," అన్నది వెంకటరత్నమ్మ.

"కోడలు గద వదినా. అత్త డబ్బా దాచిపెట్టుంటది."

ఆ చుట్టూ అందరూ నవ్వితే, ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న వాళ్లు తిరిగి చూశారు. ఆటలో ఆ ఘట్టం చాలా గంభీరమైనదని వాళ్లకు తెలుసు. పండరి నవ్వలేదు. తల వంచి పలకల చప్పుడు వింటున్నాడు. ఆయన తన వంతుగా చెప్పేది అట్లాంటప్పుడే.

"గా కుడిపక్కాయన కాలు గుంజుతుండు. చూడు, నొస్తున్నట్టున్నది."

భూమవ్వ చూసింది. ఎర్రబట్టల్లో ఒకతను గెంతి కింద వాలినప్పుడల్లా ఎడమకాలు కొంచెం ఆలస్యంగా నేల తాకుతోంది. ముఖం మాత్రం పండుగ ముఖమే.

"నవ్వుతనే ఉన్నడు," అన్నది.

"నవ్వుతడు. కూడు పెట్టేది అదే గద."

ఆ మాట తర్వాత భూమవ్వకు ఆ మనిషి మీదే కళ్లు. ఎర్రరంగు చెమటకు కరిగి మెడ మీదికి కారడం, గెంతే ముందు ఒక్క ఊపిరి ఎక్కువ తీసుకోవడం, తెర పక్కకు పోగానే చెయ్యి గోడకు ఆనించడం, అన్నీ చెప్పింది. పొయ్యి ముట్టుకుందా లేదా అని వెంకటరత్నమ్మ అడుగుతూనే ఉంది. ఎవరికి పట్టింది ఆ పొయ్యి సంగతి.

మైకు చూసుకునేది సాంబమూర్తి సారు. పెద్దబళ్లో తెలుగు చెప్పేవారు, మేళం వాళ్లు రాసిచ్చిన హిందీ కాగితం మైకులో చదివేవారు. తప్పు వింటే ఊరుకోలేని మనిషి, అందులో చెడ్డతనం ఏమీ లేదు, పిల్లల పలకలు దిద్ది దిద్ది అట్లా అలవాటైంది. ఆ సాయంత్రం మైకు పక్కన పెట్టి తాడు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. భూమవ్వ పచ్చికట్టెల మాట విని, అది కాదమ్మా అని మొదలుపెట్టబోయారు. పండరి చెయ్యి చాచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. ఉర్దూలో ఏదో అన్నాడు, చాలా మర్యాదగా. మీరు మైకులో చెప్పింది మొత్తం విన్నాను సార్, కథ తెలిసింది, ఇప్పుడు కొంచెం నన్ను చూడనివ్వండి అని. సారు అక్కడే చాప మీద కూర్చుండిపోయారు. భూమవ్వ, సారు ఏమంటుండు అని అడిగితే, జాగా అడుగుతుండు అన్నాడు పండరి. ఆమె జరిగి, తాడును కొంచెం ఇటు లాగింది.

అట్లా పదేళ్లు గడిచాయి. ఎన్ని ఆటలు వచ్చాయో భూమవ్వ లెక్కపెట్టలేదు. ఒకసారి వేటగాడూ లేళ్లూ వచ్చారు, ఒకసారి నెమళ్లు వచ్చాయి, ఒకసారి అందరూ మొండి గోడల మధ్య తిరుగుతూ ఏదో వెతికారు. భూమవ్వ వాళ్లకు పొలాలిచ్చింది, పెళ్లిళ్లు చేసింది, బస్సులు తప్పించింది, సంతలో పిల్లలను తప్పిపోనిచ్చి మళ్లీ దొరికించింది. పండరి ప్రతిసారీ ఇంటికి వచ్చి మళ్లీ అడిగాడు.

ఎనభై ఒకటో సంవత్సరం వానాకాలంలో పండరికి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. దవాఖానలో మంచం పక్కన భూమవ్వ కూర్చుని, కిటికీలోంచి కనబడినవన్నీ చెప్పింది. తడిసిన గొడుగులు, బండి మీద జామకాయలు, నర్సమ్మ కొత్త చెప్పులు. ఆయన వింటూ వింటూ నిద్రపోయాడు. ఆమె ఆయన నిద్రపోయాడనే అనుకుని, వాన తగ్గిందని కూడా చెప్పింది.

పదిరోజుల తర్వాత ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్లలో సాంబమూర్తి సారు ఉన్నారు. చనిపోయిన మనిషి గురించి మంచిమాట చెప్పాలని వచ్చిన మనిషి ఆయన. పండరి గారు ఎంత తెలివైనవారో మీకు తెలుసో లేదోనమ్మా అన్నారు. నేను మైకులో హిందీలో ఒక్కసారి చదివితే చాలు, కథ మొత్తం పట్టుకునేవారు, తర్వాత మిల్లు దగ్గర కలిస్తే నాకు తిరిగి వివరంగా చెప్పేవారు అన్నారు. నది సముద్రంలో కలవడం గురించి ఆయన చెప్పినట్టు నేను పిల్లలకు కూడా చెప్పలేకపోయాను అన్నారు.

భూమవ్వ తల ఎత్తింది. ఏ నది అని అడిగింది. సారు చెప్పారు. నీలిగుడ్డ సముద్రం, నల్లబట్టల వాళ్లు రాళ్లు. ఎర్రబట్టల వాళ్లు అగ్ని, ఆ పిల్ల గాలి. ఒక్కొక్కటీ ఓపికగా, ఇష్టంగా చెప్పారు. ఆమె దుఃఖం కొంచెం మరిచిపోతుందనే ఆయన అనుకున్నారు. చెప్పి, దండం పెట్టి వెళ్లిపోయారు.

ఆ రోజు నుంచి భూమవ్వకు రెండు దుఃఖాలు. మొదటిది అందరికీ తెలిసినదే, అందరూ ఓదార్చేదే. రెండోది ఎవరికీ చెప్పుకోలేనిది. ఆయనకు ముందే తెలుసు. అది సముద్రమని తెలిసి కూర్చున్న మనిషికి తాను దుప్పటి అని చెప్పింది. అత్త మంచిదేనా అని అడిగాడే, అది ఎట్లా అడిగాడు. చిన్నపిల్ల మట్టితో వంట చేసి పెడితే, కూర బాగుంది అంటారు పెద్దవాళ్లు. అట్లా అడిగాడా. పక్కనున్న సారూ ఆయనా లోలోపల నవ్వుకున్నారా. పదేళ్ల మాటలు ఒక్కొక్కటీ తీసి చూసుకుంది, బియ్యంలో రాళ్లు చూసినట్టు. ప్రతి మాటలోనూ రాయి ఉన్నట్టే అనిపించింది.

ప్రేమల వచ్చి కోటగిరికి తీసుకుపోయింది. అక్కడ అల్లుడు పలకరిస్తే తల ఊపింది. మనవలు అడిగితే తల ఊపింది. అమ్మ మళ్లీ నాయినమ్మ ఇంట్ల ఉన్నట్టే అయింది అని ప్రేమల కళ్లు తుడుచుకుంది. ఏడాది నిండగానే భూమవ్వ బాన్సువాడకు తిరిగి వచ్చేసింది. వెంకటరత్నమ్మ గోడ మీదుగా అన్నీ తానే మాట్లాడేది. జవాబు రాకపోయినా విసుక్కోలేదు. ఒక్కసారి మాత్రం, ఆయనతో పాటు నీ నోరు కూడా పంపించేశావా వదినా అన్నది. అని, అన్నందుకు లోపలికి పోయి ఏడ్చింది.

ఎనభై మూడులో చలికి మేళం మళ్లీ వచ్చింది. భూమవ్వ రానన్నది, అంటే తల అడ్డంగా ఊపింది. వెంకటరత్నమ్మ ఆ ఊపును చూడనట్టు నటించి, చాప చంకన పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని బయలుదేరదీసింది.

తాడు పక్కనే చాప పరిచారు. అటువైపు ఎవరో ముసలాయన మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు మైకులో తెలుగులోనే చెబుతున్నారు. సాంబమూర్తి సారు గొంతు కొంచెం వణికినా మాట స్పష్టంగా ఉంది. ఇది పగలూ రాత్రుల కథ అన్నారు. పగలు యువకుడు, రాత్రి యువతి, ఒకరినొకరు ప్రేమించుకున్నా ఎన్నటికీ కలిసి ఉండలేరు, సంధ్యవేళ మాత్రం ఒకరినొకరు చూసుకుంటారు అన్నారు. భూమవ్వ మొదటిసారి మొత్తం కథ అర్థమై కూర్చుంది. ఇక తప్పు చెప్పే భయం లేదు.

తెర లేచింది. పసుపుబట్టల అబ్బాయి వచ్చాడు. పగలు అనుకుంది. నల్లచీర మీద వెండిచుక్కలతో పిల్ల వచ్చింది. రాత్రి అనుకుంది. అంతే, ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ లేదు. ఆ పిల్ల చేతులు ఎట్లా తిప్పుతోందో చూడబోతే, ముందే విన్న కథ అడ్డం వచ్చి నిలబడింది. ఆ అబ్బాయి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ తెర అంచున మాయమయ్యాడు. పగలు పోయింది అని మైకు చెప్పింది. కానీ ఎట్లా పోయాడో మైకు చెప్పలేదు. మడమలతో నేలను తడుముకుంటూ, పొలం గట్టు మీద చీకట్లో నడిచే మనిషిలా పోయాడు. పోతూ ఆ పిల్ల నిలబడ్డ చోటు వైపు అరచెయ్యి ఒక్కసారి చూపించాడు. మైకుకు ఆ అరచెయ్యి తెలియదు.

భూమవ్వ అక్కడ ఆగిపోయింది. నది అని మైకు చెప్పింది ఆయనకు. చీర పిక్కల దాకానే ఉందని మైకు చెప్పిందా. నూనె వొలికిన బండ మీద జారినట్టు వచ్చిందని చెప్పిందా. గెంతే ముందు ఒక్క ఊపిరి ఎక్కువ తీసుకున్నాడని ఎవరు చెప్పారు. కథ కావాలంటే ఆయన ఇంటికి వచ్చి మళ్లీ ఎందుకు అడుగుతాడు, కథ ఆయన దగ్గర ముందే ఉంది గదా. జడ ఎంత పొడుగు అని అడిగాడు. గాజులున్నాయా అని అడిగాడు. తప్పు చెప్పింది తాను పేర్లనే. చూసింది తప్పు చూడలేదు. ఆయనకు కావలసింది ఆ చూసిందే.

భూమవ్వ చెయ్యి చాచి తాడును గట్టిగా పట్టుకుంది. వెంకటరత్నమ్మ భయపడి వీపు నిమిరింది. వెనక ఒకామె ముందుకు వంగి, ఏందవ్వా, ఏం జెప్తలేవు అని అడిగింది.

"మైకుల చెప్పిండ్రు గద," అన్నది భూమవ్వ. రెండేళ్ల తర్వాత ఆమె గొంతు గరుకుగా ఉంది.

"ఇన్నం. పగలు, రాత్రి. అయితేంది?"

భూమవ్వ వేదిక వైపు చూసింది. పసుపుబట్టల అబ్బాయి ఈ పక్క నుంచి వస్తుంటే నల్లచీర పిల్ల ఆ పక్కకు పోతోంది. మధ్యలో ఒక్క అడుగు ఎడం. ఇద్దరూ ఆగారు.

"షుగర్ ఫ్యాక్టరీల డ్యూటీలు వాళ్లవి," అన్నది భూమవ్వ. "ఆయనది పగటి డ్యూటీ, ఆమె రాత్రి చెరుకు బండ్ల కాడికి పోతుంది. ఇల్లు ఒక్కటే, తాళం ఒక్కటే. అగో, ఆయన వచ్చిండు, ఆమె తాళం చేతుల పెడుతుంది. చూడు, వెంటనే వదుల్తలేదు."

"ఆడవాళ్లకు రాత్రి డ్యూటీ ఎవరిస్తారే," అన్నది వెంకటరత్నమ్మ.

"చెరుకు కోతల టైముల ఇస్తరు. నువ్వు మీ క్యాంపుల ఉన్నవు, నీకేమెరుక."

"అన్నం ఎవరొండారు మరి?"

"ఆమెనే వొండి, మూత పెట్టి వచ్చింది. గందుకే ఆయన వాసన చూస్తున్నట్టు తల ఎత్తిండు. ముక్కు చూడు, ముక్కు."

వెనకామె ముక్కు చూడడానికి మోకాళ్ల మీద లేచింది. తాడుకు అటువైపు మఫ్లరు ముసలాయన, మఫ్లరు చెవి మీద నుంచి పక్కకు జరుపుకుని, కొంచెం గట్టిగ చెప్పు బిడ్డా అన్నాడు. భూమవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. ఇద్దరూ ఇప్పుడు ఎటు తిరిగారు, ఆ పిల్ల మెడ ఎంత వంచింది, పోయేటప్పుడు ఏ కాలు ముందు వేసింది, అందరికీ వినబడేటట్టు చెప్పసాగింది.